క్యాంపు ఎత్తేశాక మన్యంలో ఏం మిగులుతుంది?

క్లుప్తంగా: మారుమూల ఆదివాసీ గూడేలకు స్వచ్ఛందంగా వెళ్లే డాక్టర్ల బృందాలు కొన్ని జబ్బుల్ని నిజంగానే నయం చేస్తున్నాయి. కంటి శుక్లం, హెర్నియా, వరిబీజం లాంటివి ఒకసారి సరిగ్గా చేయి పడితే తీరిపోతాయి. మలేరియా, బీపీ, క్షయ, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తహీనత, కాన్పు కష్టాలు అలా తీరవు. వాటికి రోజూ మందు, మధ్యమధ్యలో పరీక్ష, అడగడానికి ఊళ్లోనే ఒక మనిషి కావాలి. మన ఏజెన్సీతో పాటు బ్రెజిల్, గడ్చిరోలి, అలాస్కా అనుభవాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది.

వానాకాలం రాగానే అల్లూరి సీతారామరాజు జిల్లా నుంచో, పార్వతీపురం మన్యం నుంచో, భద్రాద్రి కొత్తగూడెం నుంచో ఒక డోలీ వీడియో ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. కర్రకు కట్టిన దుప్పటిలో నిండు చూలాలు, ముందొకరు వెనకొకరు మోస్తూ నడుములోతు గెడ్డ దాటుతుంటారు. చలికాలం వచ్చేసరికి అవే కొండల నుంచి వేరే ఫొటోలు వస్తాయి. స్కూలు ఆవరణలో టెంటు, తెల్ల కోట్లు, బారులు తీరిన జనం, వెనకాల పెద్ద ఫ్లెక్సీ. ఫ్లెక్సీ లేని క్యాంపు అరుదు. ఈ రెండూ చూసేవాళ్లకు ఒక అనుమానం రావడం సహజం: ఇన్ని వైద్య శిబిరాలు జరుగుతుంటే డోలీలు ఇంకా ఎందుకు ఆగలేదు?

క్యాంపు తీర్చే సమస్య వేరు, మనిషిని డోలీ ఎక్కించే సమస్య వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఒకవైపు అతి పొగడ్తలు, మరోవైపు ‘అంతా ఫొటోల కోసమే’ అన్న ఎత్తిపొడుపులు. రెండూ తొందరపాటు మాటలే.

## ఖాళీ ఎక్కడుంది

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఆదివాసీలు 10.4 కోట్ల మంది, అంటే మొత్తం జనాభాలో 8.6 శాతం. డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన పనిచేసిన నిపుణుల కమిటీ 2018లో కేంద్రానికి ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది: జనాభాలో ఎనిమిది శాతంగా ఉన్న ఆదివాసీల్లోనే మలేరియా కేసుల్లో 30 శాతం, మలేరియా మరణాల్లో దాదాపు సగం నమోదవుతున్నాయి.

ప్రభుత్వ నిబంధనలు కాగితం మీద ఉదారంగానే ఉన్నాయి. మైదానంలో 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) అయితే, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒకటి. ఉపకేంద్రం మైదానంలో 5 వేల మందికి, కొండ మీద 3 వేల మందికి. చిక్కంతా జనాభాను కొలమానంగా తీసుకోవడంలో ఉంది. మైదానంలో 3 వేల మంది అంటే ఒకే ఊరు. కొండ మీద అదే 3 వేల మంది పది, పదిహేను ఇళ్ల చొప్పున పదుల గూడేల్లో, రెండు మూడు కొండలకు అటూ ఇటూ ఉంటారు. ఉపకేంద్రంలోని ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) ఆ గూడేలన్నీ తిరిగి రావాలంటే ఎన్ని రోజులు పడుతుందన్నది ఈ లెక్కలో ఎక్కడా ఉండదు.

డాక్టర్ల సంగతి ఇంకా కష్టం. కేంద్రం ప్రకటించిన 2022 నాటి గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం, గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాలకు కావలసిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు. ఇది దేశం మొత్తం లెక్క. గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు ముగ్గురూ ఉంటే తప్ప ఆస్పత్రిలో సిజేరియన్ సురక్షితంగా జరగదు. ముగ్గురిలో ఒకరు సెలవు పెట్టినా అంబులెన్స్ విశాఖపట్నానికో, కాకినాడకో, వరంగల్‌కో బయల్దేరాల్సిందే.

ఈ ఖాళీలోకే స్వచ్ఛంద బృందాలు వస్తున్నాయి. మెడికల్ కాలేజీల విద్యార్థులు, కార్పొరేట్ ఆస్పత్రుల సామాజిక సేవా (సీఎస్సార్) విభాగాలు, చర్చి మిషన్లు, ఆశ్రమాలు, సేవా సంఘాలు, పోలీసు శాఖ, డిసెంబరు సెలవులకు ఊరొచ్చే అమెరికా తెలుగు సంఘాల డాక్టర్లు. ఎవరి ఉద్దేశం వాళ్లది. వచ్చే తీరు మాత్రం దాదాపు ఒక్కటే.

## ఒక క్యాంపు రోజు

ఉదయం పది గంటలకు జీపులు దిగుతాయి. అంతకు ముందు రెండు రోజుల నుంచే స్థానిక పీహెచ్‌సీ సిబ్బంది, ఆశా కార్యకర్తలు గూడేలు తిరిగి కబురు చేసి ఉంటారు. అంటే ఆ రెండు రోజులు వాళ్ల మామూలు పని, టీకాలు, గర్భిణుల చెకప్, ఆగిపోయినట్టే. బయటినుంచి వచ్చే ఉచిత సేవకు స్థానికంగా పడే ఈ ఖర్చు ఏ నివేదికలోనూ కనిపించదు.

మొదటి బల్ల దగ్గర పేరు, వయసు రాస్తారు. పెద్దవాళ్లలో చాలామందికి వయసు అంచనాయే. రెండో బల్ల దగ్గర బీపీ, షుగర్. కొండ దిగి నడిచొచ్చి, ఎండలో లైన్లో నిలబడి, కుర్చీలో కూర్చోగానే చేతికి పట్టీ బిగిస్తారు. బీపీ కొలిచే ముందు ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టాలి, ఎక్కువ వస్తే మరో రోజు మళ్లీ చూడాలి. ఒక్క రోజు క్యాంపులో మరో రోజు ఎక్కడిది?

ఇక డాక్టరు దగ్గర. ఐదుగురు డాక్టర్లు, నాలుగు వందల మంది జనం, ఐదు గంటల సమయం అనుకుందాం. మనిషికి నాలుగు నిమిషాలు కూడా రావు. అందులోనూ సగం మాట అటు నుంచి ఇటు మార్చడానికే పోతుంది. డాక్టరు తెలుగులో అడిగింది కువిలోనో కోయలోనో సవరలోనో చెప్పాలి, జవాబు మళ్లీ తెలుగులోకి రావాలి. ఆ మాట మార్చేది ఊరి కుర్రాడైతే తెల్లబట్ట గురించి, నెలసరి గురించి ఏ ఆడమనిషీ చెప్పదు. నడుం నొప్పి అని ఊరుకుంటుంది. నడుం నొప్పికి గోలీ ఇస్తారు.

చివరి బల్ల మందులది. కాల్షియం, ఐరన్, బి కాంప్లెక్స్, పారాసెటమాల్, ఏదో ఒక యాంటీబయాటిక్. పది గోలీల స్ట్రిప్పును కత్తెరతో మూడు ముక్కలు చేసి కాగితం కవర్లలో వేస్తారు. మందు పేరు ఒక ముక్క మీద, గడువు తేదీ ఇంకో ముక్క మీద ఉండిపోతాయి, మూడో దాని మీద ఏమీ ఉండదు. పది రోజుల తర్వాత అదే మనిషి జ్వరం ముదిరి ఏరియా ఆస్పత్రికి వస్తే, ఏం మందు వాడావని అక్కడి డాక్టరు అడుగుతాడు. చూపించడానికి ఉండేది ఆ వెండి రంగు ముక్కే.

ఇవన్నీ చేసేవాళ్ల మంచితనం మీద విమర్శలు కావు. ఏర్పాటులోనే ఉన్న లోపాలు.

## ఏ జబ్బు ఒక్క రోజులో తీరుతుంది?

స్వచ్ఛంద వైద్యం విలువ తేల్చడానికి అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న ఇదే. శుక్లం ఆపరేషన్ నిపుణుడి చేతిలో చాలావరకు అరగంట లోపు పని. మర్నాడు కట్టు విప్పితే చూపు వస్తుంది, కొన్ని వారాలు చుక్కల మందు వేసుకోవాలి. హెర్నియా, వరిబీజం కూడా ఇంచుమించు ఇంతే. వీటికి ఎక్కడినుంచో వచ్చే సర్జన్ నిజంగా ఉపయోగపడతాడు. అయినా కంటి ఆపరేషన్ల విషయంలో మన దేశం టెంట్ల పద్ధతిని ఎప్పుడో వెనక్కి నెట్టి, ఊళ్లో పరీక్ష, ఆస్పత్రిలో ఆపరేషన్ అన్న దారికి వచ్చింది. ఇన్ఫెక్షన్ వస్తే కన్నే పోతుంది కాబట్టి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇంకో అడుగు వేసి, స్థానిక యువతకు ఏడాది పాటు శిక్షణ ఇచ్చి పల్లెల్లో శాశ్వతంగా దృష్టి కేంద్రాలు పెట్టింది. ఆ సంస్థ తొలి గ్రామీణ ఆస్పత్రుల్లో ఒకటి అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లోదే.

మలేరియా దగ్గరికొస్తే కథ మారిపోతుంది. వేలి మీద చుక్క రక్తం తీసి కిట్ మీద వేస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. అంతవరకు క్యాంపు చాలు. ఫాల్సిపారం రకమైతే ప్రధానమైన మందు మూడు రోజులు. వైవాక్స్ రకం అలా కాదు. ఆ క్రిమి రక్తంలోంచి పోయినా కాలేయంలో దాక్కుని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడే చంపడానికి ప్రైమాక్విన్ 14 రోజులు మింగాలి. జ్వరం మాత్రం రెండు మూడు రోజులకే తగ్గిపోతుంది. ఒంట్లో బాగున్న మనిషి పోడు పని మానుకోడు, గోలీ మరిచిపోతాడు. మిగతా పదకొండు రోజులూ గుర్తుచేసేవాళ్లు కావాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. జీసిక్స్‌పీడీ అనే ఎంజైమ్ లోపించినవాళ్లకు ప్రైమాక్విన్ ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం నల్లటి టీ డికాక్షన్ రంగుకు మారుతుంది. పుట్టుకతో వచ్చే ఈ లోపం మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల్లో, ఆదివాసీ తెగల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మందు ఇచ్చాక మూత్రం రంగు మారితే వెంటనే ఆపమని చెప్పాల్సింది మూడో రోజో నాలుగో రోజో. క్యాంపు వాళ్లు ఆపాటికి హైదరాబాద్ చేరుకుని ఉంటారు.

సికిల్ సెల్ పరీక్షలది మరో రకం సమస్య. ఈ రక్తహీనతను 2047 నాటికి నిర్మూలించాలని కేంద్రం 2023 జులై 1న జాతీయ మిషన్ ప్రారంభించింది. 40 ఏళ్లలోపు ఉన్న 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. స్వచ్ఛంద సంస్థలూ ఇందులో చేయి కలుపుతున్నాయి. మొదట చేసే సాల్యుబిలిటీ పరీక్ష రక్తంలో ఆ లక్షణం ఉందో లేదో చెబుతుంది. ఆ మనిషి జబ్బు మనిషా, ఆరోగ్యంగా ఉంటూ లక్షణాన్ని మాత్రమే మోస్తున్నాడా అన్నది తేల్చాలంటే హెచ్‌పీఎల్‌సీ లాంటి రెండో పరీక్ష కావాలి. రక్తం కొండ దిగి ల్యాబుకు వెళ్లాలి, ఫలితం మళ్లీ కొండెక్కి సరైన మనిషికి చేరాలి, దాని అర్థం అతని భాషలో చెప్పాలి. మూడో మెట్టు దగ్గరే ఎక్కువగా తెగిపోతుంది. సగం చెప్పి వదిలేస్తే, ఏ జబ్బూ లేని పిల్లకు జబ్బు మనిషన్న పేరు పడి పెళ్లి సంబంధాలు తప్పిపోతాయి. నిజంగా జబ్బున్న వాళ్లకేమో హైడ్రాక్సీయూరియా రోజూ ఇవ్వాలి, రక్తకణాల లెక్క మధ్యమధ్యలో చూస్తూ ఉండాలి. అంటే పరీక్ష చేయడం ఇక్కడ పనికి మొదలు మాత్రమే.

## అమెజాన్‌లో రెండు దారులు

ఈ తేడాను పూర్తిగా చూడాలంటే బ్రెజిల్‌కు వెళ్లాలి. అక్కడ స్వచ్ఛంద వైద్యం మంచీ చెడూ రెండూ పెద్ద ఎత్తున కనిపిస్తాయి.

సావో పాలో రాష్ట్రంలోని కాంపినాస్ నగరానికి చెందిన సర్జన్లు 2003లో ‘ఎక్స్‌పెడిసియోనారియోస్ ద సావూజీ’ అనే సంస్థ పెట్టారు. ఆపరేషన్ థియేటర్‌ను మొత్తంగా మూటగట్టి విమానాల్లో, పడవల్లో అమెజాన్ అడవిలోకి తీసుకెళ్లడం వీళ్ల పద్ధతి. అక్కడ టెంట్లలో శుక్లం, హెర్నియా ఆపరేషన్లు చేస్తారు. మన దగ్గర టెంట్ల ఆపరేషన్లు వద్దనుకున్న కారణాలు అక్కడా ఉన్నాయి. అయితే ప్రత్యామ్నాయం వేరు. అక్కడినుంచి పట్నం ఆస్పత్రికి రావాలంటే కొన్ని చోట్ల రోజుల తరబడి పడవ ప్రయాణం. వచ్చాక భాష తెలియని చోట, అలవాటు లేని తిండి తింటూ, ఆదివాసీ రోగుల కోసం పెట్టిన వసతి గృహంలో వారాలపాటు ఎదురుచూడాలి. అందుకే చాలామంది అసలు బయల్దేరరు. పైగా ఈ బృందం ఆ ప్రాంత ఆదివాసీ ఆరోగ్య విభాగంతో కలిసి పనిచేస్తుంది కాబట్టి ఆపరేషన్ తర్వాత చూసుకోవడానికి అక్కడ మనుషులుంటారు. ఒక్కసారితో తీరే జబ్బుల్ని ఎంచుకుని, వాటికే కట్టుబడి ఉండటం దీని బలం.

రెండోది ఇంకా పాతది, ఇంకా లోతైనది. 1961లో షింగు నది పరీవాహకంలో ఆదివాసీల కోసం పెద్ద రక్షిత ప్రాంతం ఏర్పడింది. 1965 నుంచి సావో పాలోలోని ఎస్కోలా పాలిస్తా మెడికల్ కాలేజీ డాక్టర్లు, రొబెర్తో బరూజీ నాయకత్వంలో, అక్కడికి బృందాలుగా వెళ్లడం మొదలుపెట్టారు. వెళ్లి మందులిచ్చి రాలేదు. ప్రతి మనిషికీ ఒక వైద్య కార్డు తెరిచారు. టీకాలు, వచ్చిన జబ్బులు, ఇచ్చిన మందులు అన్నీ దాని మీదికి ఎక్కేవి. తర్వాతి సారి వెళ్లినవాళ్లు ఆ కార్డు చూసి అక్కడినుంచి కొనసాగించేవాళ్లు. డాక్టర్లు మారినా రోగి చరిత్ర మారకుండా నిలిచింది. అదే కాలేజీ, అవే గూడేలు, దశాబ్దాల పాటు. తర్వాతి కాలంలో ఆదివాసీ యువతకే ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ ఇచ్చారు. ఒక వైద్య కళాశాల ఒక ప్రాంతాన్ని దత్తత తీసుకోవడమంటే ఇది. మన దగ్గర ఆ మాట చాలాసార్లు బోర్డు దగ్గరే ఆగిపోతుంది.

1999లో బ్రెజిల్ చట్టం చేసి ఆదివాసీల కోసం ప్రత్యేక ఆరోగ్య వ్యవస్థను, 34 ఆరోగ్య జిల్లాలను ఏర్పాటు చేసింది. కానీ అడవిలోకి వెళ్లే బ్రెజిల్ డాక్టర్లు దొరకలేదు. 2013 తర్వాత ఆ లోటును క్యూబా డాక్టర్లు పూడ్చారు. 2018 నవంబరులో రాజకీయ గొడవ వచ్చి క్యూబా తన డాక్టర్లను వెనక్కి పిలిపించుకుంది. దేశం మొత్తం మీద 8 వేల మందికి పైగా వెళ్లిపోయారు. ఆదివాసీ జిల్లాల్లో ఉన్న డాక్టర్లలో ఎక్కువ మంది వాళ్లే కావడంతో దెబ్బ అక్కడే గట్టిగా తగిలింది. క్యూబా డాక్టర్లు స్వచ్ఛంద సేవకులు కారు, జీతానికి వచ్చినవాళ్లు. అయినా పాఠం ఒకటే: బయటివాళ్ల మీద పూర్తిగా ఆనుకున్న వైద్యం, వాళ్లతో ఏ సంబంధమూ లేని కారణంతో ఒక్క వారంలో కూలిపోగలదు.

2023 జనవరిలో అమెజాన్ అడవిలోని యానోమామీ ఆదివాసీ ప్రాంతంలో బ్రెజిల్ ప్రభుత్వం ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఎముకల గూళ్లలా మారిన పిల్లల ఫొటోలు ప్రపంచమంతా చూసింది. సేవకు వస్తామని వైద్య సిబ్బంది వేల సంఖ్యలో పేర్లు నమోదు చేసుకున్నారు. కానీ అక్కడ కొరత డాక్టర్లది ఒక్కటే కాదు. అక్రమ బంగారు గనుల వాళ్లు నదుల్లో పాదరసం కలిపారు, తవ్వి వదిలేసిన గుంటల్లో దోమలు పెరిగి మలేరియా చెలరేగింది, విమానాలు దిగే మట్టి దారులను ఆక్రమించారు. హోమోషీ అనే చోట ఆరోగ్య కేంద్రాన్నే చేజిక్కించుకుని ఇంధనం దాచుకున్నారు, చివరికి అది కాలిపోయింది. విమానం దిగే చోటు లేకపోతే ఎంతమంది సేవకులున్నా వెయిటింగ్ లిస్టులోనే ఉంటారు.

బయటి డాక్టరు తనతోపాటు జబ్బును మోసుకొచ్చే ప్రమాదమూ ఉంది. బ్రెజిల్ ఆదివాసీల్లో తొలి కొవిడ్ కేసుగా 2020 ఏప్రిల్ 1న నిర్ధారణ అయింది కొకామా తెగకు చెందిన 20 ఏళ్ల ఆరోగ్య కార్యకర్త. సెలవు ముగించుకుని దక్షిణ బ్రెజిల్ నుంచి డ్యూటీకి తిరిగొచ్చిన డాక్టరుతో కలిసి ఆమె పనిచేసింది. మన అండమాన్‌లో జారవా ఆదివాసీలు బయటి ప్రపంచంతో కలవడం మొదలైన కొద్దికాలానికే, 1999లో, వాళ్లలో పొంగు వ్యాపించింది.

## తలల లెక్క

క్యాంపు ముగిశాక విడుదలయ్యే ప్రకటనలో ఒక్క అంకె తప్పకుండా ఉంటుంది: ఎంతమందికి పరీక్షలు చేశారన్నది. ఎంతమందికి నయమైందన్నది ఉండదు. అది తెలియాలంటే మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లి చూడాలి. దాతలకూ సీఎస్సార్ విభాగాలకూ ఏడాది చివర చూపించడానికి తలల లెక్క సులువు. కాబట్టి ఏర్పాట్లన్నీ ఆ లెక్క పెరిగేలా తయారవుతాయి. పెద్ద ఊరు, జీపు వెళ్లే దారి, సెలవు రోజు. నడక తప్ప దారి లేని గూడెం ఎప్పుడూ ఆ జాబితాలోకి రాదు, ఎందుకంటే అక్కడ పోగయ్యేది అరవై మందే.

లెక్క కోసం పరిగెత్తితే ఎంత దూరం వెళుతుందో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా 2014 నవంబరులో చూపించింది. అది ప్రభుత్వ కుటుంబ నియంత్రణ శిబిరం, స్వచ్ఛంద సంస్థది కాదు. మూతపడిన ఆస్పత్రి భవనంలో కొద్ది గంటల్లో 83 మంది మహిళలకు ఆపరేషన్లు చేశారు. ఆ వారం జిల్లాలో జరిగిన శిబిరాల్లో పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఒకరు బలహీన ఆదివాసీ తెగల్లో ఒకటైన బైగా తెగ మహిళ. 2016లో సుప్రీంకోర్టు ఇలాంటి కుటుంబ నియంత్రణ శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలని ఆదేశించింది.

తేదీలదీ ఇదే తంతు. ఏజెన్సీలో జ్వరాలు, విరేచనాలు విజృంభించేది జూన్ నుంచి వానలు తగ్గేదాకా. అప్పుడు గెడ్డలు పొంగుతాయి, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడతాయి, జీపులు వెళ్లవు. బయటి బృందాలకు వీలయ్యేది డిసెంబరు, జనవరి. అరకు చూడటానికీ అదే సీజన్.

## ఊళ్లోనే ఉన్న మనిషి

తెలంగాణను ఆనుకునే ఉంటుంది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ప్రాణహిత దాటితే సిరొంచ, అక్కడ వినిపించేది తెలుగే. ఆ జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 1986లో ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. పసికందుల మరణాలు ఎందుకు ఇంత ఎక్కువగా ఉన్నాయో వెతుకుతూ వాళ్లు ఒక ప్రయోగం చేశారు. 39 గ్రామాల్లో కొద్దిపాటి చదువున్న స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చారు. బిడ్డ పుట్టగానే బరువు తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి అందకపోతే అందించడం, ఒంట్లో చీము పాకిన లక్షణాలు గుర్తుపట్టి జెంటమైసిన్ ఇంజెక్షన్ ఇవ్వడం. పోల్చి చూడటానికి మరో 47 గ్రామాలు. మూడో ఏడాదికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. 1999లో ‘లాన్సెట్’ పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. ఐదో తరగతి చదివిన మనిషి చేత ఇంజెక్షన్ ఇప్పించడమేమిటని అప్పట్లో చాలామంది డాక్టర్లు ముఖం చిట్లించారు. 2011లో కేంద్రం ఇంటి దగ్గరే నవజాత శిశు సంరక్షణను ఆశా కార్యకర్తల పనిలో భాగం చేసింది. ఇంజెక్షన్ భాగాన్ని మాత్రం అంత ధైర్యంగా తీసుకోలేదు.

డాక్టరు కూడా చేయలేని ఆ పనిని ఆ మహిళ ఎలా చేసింది? పుట్టిన బిడ్డ ప్రాణం మీదికి వచ్చేది మొదటి గంటల్లో, మొదటి వారంలో. అది తిథి చూసి రాదు. పిలిస్తే పది నిమిషాల్లో వచ్చే మనిషి చేతిలో ఓ మోస్తరు నైపుణ్యం ఉన్నా చాలు, నెలకోసారి వచ్చే నిపుణుడి కంటే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి.

అలాస్కాలో ఇదే ఆలోచన క్షయ వ్యాధితో మొదలైంది. 1950ల్లో మంచు పల్లెల్లో మందులు క్రమం తప్పకుండా మింగించడానికి ఊళ్లోనే కొందరికి బాధ్యత అప్పగించారు. వాళ్లు రేడియోలో దూరాన ఉన్న డాక్టరుకు రోగి సంగతి చెప్పి, అటునుంచి వచ్చిన సలహా ప్రకారం మందు ఇచ్చేవాళ్లు. 1968లో అది ప్రభుత్వ నిధులతో నడిచే గ్రామ ఆరోగ్య సహాయకుల వ్యవస్థగా స్థిరపడింది, ఇప్పటికీ నడుస్తోంది. ఇందులో నిపుణుడు ఊరికి రావడం కంటే, ఊళ్లో ఉన్న మనిషికి అందుబాటులో ఉండటం ముఖ్యం.

నమ్మకం సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. సెర్చ్ తన ఆస్పత్రి కట్టేముందు ఆదివాసీలను పిలిచి అడిగింది, పెద్దాస్పత్రి అంటే మీకెందుకు భయమని. డాక్టర్లూ నర్సులూ వేసుకునే తెల్లబట్టలు తాము శవాలకు కప్పే బట్టల్లా ఉంటాయన్నారు వాళ్లు. రోగి పక్కన బంధువుల్ని ఉండనివ్వరన్నారు. అందుకే అక్కడి ఆస్పత్రి గుడిసెల వాడలా ఉంటుంది, దానికి దంతేశ్వరి అమ్మవారి పేరే పెట్టారు. మన కొండల్లోనూ జ్వరం రాగానే ముందు నాటు వైద్యం, పూజలు చేసే దిసారి దగ్గరికో వడ్డె దగ్గరికో వెళ్లడం మామూలు. ఒక్కరోజు క్యాంపు డాక్టరు దాన్ని మూఢనమ్మకమని కసురుకుని వెళ్లిపోతాడు. మళ్లీమళ్లీ వచ్చే నర్సు ఆ దిసారితోనే మాట కలుపుతుంది, జ్వరం రెండు రోజులు దాటితే నా దగ్గరికి పంపమని.

## ఇకముందు ఏం మారవచ్చు

కొన్ని మార్పులు ఇప్పటికే మొదలయ్యాయి. బలహీన ఆదివాసీ తెగల కోసం 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో రోడ్లతో పాటు సంచార వైద్య వాహనాలూ ఉన్నాయి. ఆంధ్రాలో చెంచు, కొండరెడ్డి, సవర, గదబ, పోర్జ, తెలంగాణలో చెంచు, కొలాం, తోటి లాంటి తెగలు దీని కిందికి వస్తాయి. పెద్ద వాహనం వెళ్లని దారుల్లో బైక్ అంబులెన్సులు తిరుగుతున్నాయి. కాన్పు రోజులు దగ్గరపడిన గర్భిణుల్ని ముందే కొండ దించి ఆస్పత్రికి దగ్గర్లో ఉంచే వసతి గృహాలు సాలూరు లాంటి చోట్ల పనిచేశాయి. డోలీని తప్పించేది ఇలాంటివే. సిగ్నల్ అందే గూడేలకు ఈ-సంజీవని అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ద్వారా డాక్టరు సలహా కూడా దొరుకుతోంది, అలాస్కా రేడియో చేసిన పనే.

వీటి మధ్య స్వచ్ఛంద డాక్టరు చోటు కుంచించుకుపోదు, వేరే దగ్గరికి మారుతుంది. పాడేరు, చింతూరు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు ఆస్పత్రుల్లో థియేటర్లు, పడకలు, నర్సులు ఉన్నారు. అన్ని రకాల స్పెషలిస్టులూ ఎప్పుడూ ఉండరు. నెలలో ఫలానా తారీఖున ఫలానా సర్జన్ వస్తాడని తెలిస్తే ఏఎన్ఎంలు ఆ లెక్కన రోగుల్ని పోగుచేస్తారు. నలభై మంది డాక్టర్లు ఒక ఆదివారం జీపుల్లో వచ్చేకంటే, అదే నలభై మంది వంతులవారీగా ఏడాది పొడవునా ఒకే ఆస్పత్రికి రావడం మేలు. గూడేలకే వెళ్లాలనుకుంటే వారపు సంత రోజు ఉంది. ఆ రోజు చుట్టుపక్కల కొండలన్నీ వాటంతట అవే దిగి వస్తాయి, మళ్లీ వారం అదే చోటికి వస్తాయి. మందు సగం వాడినవాళ్లను మళ్లీ చూడటానికి ఇంతకంటే మంచి అవకాశం ఉండదు.

దీనికి అడ్డంకులూ తక్కువేం కాదు. వంతులవారీ డ్యూటీలో ప్రారంభోత్సవం ఉండదు, కాబట్టి దాత పేరు పెద్దగా కనిపించదు. ప్రైవేటు ఆస్పత్రి తన సర్జన్‌ను ఒక ఆదివారానికి వదులుతుంది, నెలకో పనిదినం వదలాలంటే ఆలోచిస్తుంది. గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారి బదిలీ అయితే ఒప్పందం మొదటికొస్తుంది. బయటి డాక్టరు ప్రభుత్వ థియేటర్లో చేసిన ఆపరేషన్ వికటిస్తే బాధ్యత ఎవరిదన్నది ముందే రాసుకోకపోతే సూపరింటెండెంట్లు చేయి కలపడానికి జంకుతారు, అందులో తప్పులేదు.

ఇప్పటికిప్పుడు, పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది. వైద్య శిబిరాలకు జిల్లా వైద్యారోగ్య శాఖ అనుమతి తీసుకోవడం ఎలాగూ ఉన్నదే. ఆ అనుమతిలోనే ఒక షరతు పెట్టవచ్చు: క్యాంపు ముగిసిన సాయంత్రమే, ఇంకా చికిత్స అవసరమైన వాళ్ల పేర్లు, గూడెం, ఏ జబ్బు అనుమానం, ఏ మందు ఎన్ని రోజులకు ఇచ్చారు అన్న జాబితా పీహెచ్‌సీ డాక్టరుకూ ఆ గూడెం ఆశా కార్యకర్తకూ చెరో కాపీ ఇవ్వాలి. నెల తర్వాత ఆ జాబితాలో ఎంతమంది ఆస్పత్రి మెట్లెక్కారో చూసి, మళ్లీ వచ్చే ఏడాది ఆ సంస్థకు అనుమతి ఇవ్వాలో లేదో అధికారి తేల్చుకోవచ్చు.